ఖాళీలో పేరు

ఇంకో రాయి వచ్చి షట్టర్‌కి తగిలింది. గోడకు వేలాడుతున్న తాళంచెవులన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి.

తాళాలు బాగుచేసే బావ కౌంటర్ వెనక చతికిలబడి ఉన్నాడు. అతని నుదుటి మీద గాయాన్ని అక్క తువ్వాలుతో అదిమి పట్టుకుంది. నెత్తురు ఆగడం లేదు.

"బయటికి రారా దొంగా," బయటినుంచి ఎవరో అరిచారు. "మారుతాళాలు చేసేది నువ్వే కదా."

ఈ వీధిలో ఒక్క దొంగతనమూ జరగలేదు. అయినా ప్రతి గోడ మీదా ఎన్నికల పోస్టర్ ఉంది. 'మీ వీధిలో ఒకడున్నాడు. వాడెవడో మీకు తెలుసు.' కింద అభ్యర్థి నవ్వు మొహం.

ఆ రెండు వాక్యాలూ రాసింది అక్క తమ్ముడే. ప్రకటనల ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో అందరూ స్లోగన్ అని పిలుస్తారు. గొడవ సంగతి తెలిసి వెనక గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గరా జనమే.

"ఎవర్రా ఆ ఒకడు?" అక్క అడిగింది.

"ఎవరూ లేరక్కా. అన్ని వీధుల్లోనూ అదే పోస్టర్. పేరు రాస్తే కేసవుతుంది. ఖాళీ వదిలేస్తే జనమే నింపుకుంటారు."

"నింపుకున్నారుగా, మీ బావతో."

బావ నొప్పిలోనే నవ్వాడు. "నా నుదుటి రాత కూడా నువ్వే రాశావన్నమాట, బామ్మర్దీ."

"పోలీసులకి చెప్పావా?" అక్క తమ్ముణ్ణి అడిగింది.

"చెప్పా. అందరూ ఆ అభ్యర్థి సభ బందోబస్తులో ఉన్నారట."

"అయితే నువ్వే వెళ్లి నిజం చెప్పు."

"వాళ్లకి నిజం అక్కర్లేదక్కా. పేరు కావాలి."

"చెప్పి చూడు."

స్లోగన్ షట్టర్ కాస్త ఎత్తి, స్టూలుతో సహా బయటికి దూరాడు. స్టూలెక్కి నిలబడ్డాడు.

"ఆ పోస్టర్ రాసింది నేనే. ఒకడంటూ ఎవడూ లేడు."

గుంపు అతని వైపు చూసింది.

"బావని కాపాడుకోవాలని పాపం, ఎన్ని తిప్పలో," అంది మందులషాపు ఆవిడ. కొందరు నవ్వారు.

"మీ పాప లోపల ఉండగా తలుపు తాళం పడిపోతే తీసింది ఎవరండీ? మా బావ కాదూ?"

"అదే నేనూ చెప్తున్నా. తాళంచెవి లేకుండా చిటికెలో తీశాడు."

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు మంగలి షాపు పెద్దాయన. "అంత పెద్ద నాయకుడు ఊరికే అంటాడా?"

స్లోగన్ మళ్లీ చెప్పాడు. ఒట్టేశాడు. ఎంత కాదంటే అంత అవునన్నట్టే వినిపిస్తోంది వాళ్లకి. ఒకడు ఇనప కడ్డీ తెచ్చి షట్టర్ కింద దూర్చాడు.

షట్టర్ లోపలినుంచే లేచింది. అక్క బయటికొచ్చి, దానికి అడ్డంగా నిలబడింది.

"మీ వీధిలో ఒకడున్నాడు," అంది.

గుంపు ఆమె వైపు తిరిగింది. అది అందరికీ కంఠతా వచ్చిన మాట.

స్లోగన్‌కి అర్థమైంది. అక్కా అని పిలిచాడు. ఆమె అతన్ని చూడటం లేదు. కారుతున్న కన్నీళ్లు తుడుచుకోవడమూ లేదు.

"మా ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు. ఏ తాళంచెవి ఎక్కడుంటుందో అన్నీ ఎరుగును. వాడెవడో మీకు తెలీదు. నాకు తెలుసు."

కడ్డీ పట్టుకున్నవాడు షట్టర్ వదిలేశాడు.

ఆమె చెయ్యెత్తి స్టూలు వైపు చూపించింది.

"వీడే. నా తమ్ముడు."