కొండ మీద గుమాస్తా

బయలుదేరేనాటికి షావుకారు చేతిలో మిగిలిన ఆస్తి ఇదీ: గేరు మార్చినప్పుడల్లా మూలిగే పాత వ్యాను, ఎవరూ కొనక అటక మీదే ముసలిదైపోయిన నారింజరంగు గుడారం, పెళ్ళయిన నాటినుంచి కొండ చూపిస్తానని తను ఊరిస్తూ వచ్చిన భార్య, ఒక కుక్క. దుకాణం లేదు. తాళ్ళు, తాళాలు, టార్పాలిన్లు, మేకులు, బకెట్లు అమ్మిన ఆ దుకాణాన్ని మోకాళ్ళు మొరాయించాక మంచి బేరానికే అమ్మేశాడు. పైగా కొన్నవాడు మొహం చిన్నబుచ్చుకుంటే గల్లాపెట్టె బల్ల కూడా కొసరుగా ఇచ్చాడు. లాభానికి అమ్మిన సరుకు గురించి ఏడవడం ఆయన వంశంలో లేదు. అయితే ఈ మిగిలినవాటిలో ఒకటి తిరుగు ప్రయాణంలో చేజారిపోబోతోంది. అది కుక్క.

కుక్క పేరు గుమాస్తా. ఒక వానరోజు తడిసి ముద్దై దుకాణంలోకి వచ్చి, తక్కెడ కింద పడుకుని, వాన వెలిశాక పొమ్మన్నా పోలేదు. అడక్కుండానే కొలువులో చేరాడు కనుక ఆ పేరు. ఆ ఇంట్లో వాణ్ణి ఎవరూ ‘అది’ అనరు. వాడి పనితనమే వేరు. మామూలు కుక్కలు వచ్చేవాళ్ళని చూసి మొరుగుతాయి. గుమాస్తా మాత్రం ఎవరొచ్చినా పెళ్ళివారిని చూసినట్టు తోక ఊపేవాడు. వాడి కన్నంతా పోయేవాళ్ళ మీదే. ఎవడైనా డబ్బు కట్టకుండా చేతిలో వస్తువుతో గడప దాటబోయాడా, అడ్డంగా నిలబడి ఇల్లెగిరిపోయేలా మొరిగేవాడు. డబ్బు కట్టినవాణ్ణి మాత్రం కన్నెత్తి చూసేవాడు కాదు. “మా వాడు మొహం చూసి దొంగని పట్టేస్తాడు” అని షావుకారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

దుకాణం అమ్మి అపార్ట్‌మెంటులోకి మారాక కథ అడ్డం తిరిగింది. వీళ్ళ వాకిలి మెట్ల పక్కనే. సంచితో దిగేవాళ్ళు, సైకిలు భుజాన వేసుకుని దిగేవాళ్ళు, చెత్తబుట్టతో దిగేవాళ్ళు, గుమాస్తా లెక్కలో అందరూ డబ్బు ఎగ్గొట్టినవాళ్ళే. అపార్ట్‌మెంటు సెక్రటరీ ఒకరోజు చెత్తసంచి చేత్తో పట్టుకునే వచ్చి నిలబడ్డాడు.

“షావుకారుగారూ, మా ఇంటి చెత్త నేను పారేసుకోవడానికి మీ కుక్క దగ్గర రసీదు తీసుకోవాలా? మీరంటే గౌరవమే. కానీ వచ్చే సోమవారానికి కుక్కైనా ఉండాలి, మీరైనా ఉండాలి.”

బావమరిది ఫోన్లో సంతోషంగా ఒప్పుకున్నాడు. “నా గోదాముకి పంపించు బావా. గొలుసేసి కట్టేస్తే ఎంత మొరిగినా అడిగేవాడు లేడు.”

గొలుసు మాట వినగానే షావుకారు భార్య లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగి వచ్చి అంది: “పంపే ముందు వాణ్ణి ఒకసారి కొండకి తీసుకెళ్దాం. అదేనండీ, నాకు చూపిస్తానన్న కొండ. మీకు అభ్యంతరం లేకపోతే నేను కూడా వస్తాను.”

ఆ చురకకి షావుకారు నవ్వి ఊరుకున్నాడు గాని, లోపల ఆయన లెక్క ఆయనకుంది. కొండ మీద గుడారాల మైదానంలో కుక్కల్ని రానిస్తారు. నలుగురి మధ్యా వీడు నోరు మూసుకుని ఉన్నాడంటే, ఆ మాట పట్టుకుని సెక్రటరీతో మళ్ళీ బేరానికి కూర్చోవచ్చు. లేదంటే దారిలోనే గోదాము.

ఘాటు రోడ్డు ఎక్కుతుంటే గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, చెవులు వెనక్కి ఎగరేసుకుంటూ గాలినంతా తనే తాగేస్తున్నట్టు నోరు తెరిచాడు. ప్రతి మలుపులోనూ లోయ ఒకసారి ఇటు, ఒకసారి అటు. షావుకారు భార్య ఇటు చూడండి అంటే ఆయన రోడ్డు చూసేవాడు, అటు చూడండి అంటే గేరు చూసేవాడు. “మీతో కొండెక్కినా దుకాణంలో కూర్చున్నట్టే ఉందండీ” అంది ఆవిడ. అలా అంటూనే సీటు అంచుకి జరిగి, చిన్నపిల్లలా అద్దానికి ముక్కు ఆనించింది.

మైదానం గేటు దగ్గర కాపలాదారు నియమాలు అప్పజెప్పాడు. కుక్కకి తాడు ఉండాలి. కుక్క చేసింది మీరే ఎత్తాలి. ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తినేవన్నీ గుడారం పక్కనుండే ఇనప్పెట్టెలోనే పెట్టాలి. మొరిగే కుక్కకి ఒక హెచ్చరిక, ఆపైన గేటు. అంతా చెప్పాక వాళ్ళ నెరిసిన జుట్టు చూసి మనసు కరిగి, “పెద్దవాళ్ళు, నీళ్ళు మోయలేరు. కుళాయి పక్క చోటు తీసుకోండి” అన్నాడు.

అంత మంచి చోటు ఉచితంగా వస్తే కాదనే షావుకారు ఇంకా పుట్టలేదు. మైదానానికంతటికీ అదొక్కటే కుళాయి అన్న సంగతి ఆయనకి తర్వాత తెలిసింది.

ముందు గుడారం పని పట్టింది. దుకాణంలో ఎంతమందికి చెప్పాడో, “చిటికెలో నిలబడుతుందండీ, పిల్లలు కూడా వేసేస్తారు” అని. ఇప్పుడు ఒక మూల లేపితే ఇంకో మూల కూలుతోంది. ఒక కమ్మీ ఎక్కడ దూర్చాలో తెలియక భుజాన పెట్టుకుని నిలబడితే, గుమాస్తా లోపలికి దూరి గుడ్డ కిందనుంచి తోక ఊపుతున్నాడు.

“చిటిక వేయండి మరి” అంది భార్య, రాయి మీద కూర్చుని.

పక్క గుడారంలోని పళ్ళ డాక్టరమ్మ నవ్వుకుంటూ వచ్చింది. దూడంత ఉన్న గోధుమరంగు కుక్కొకటి, దాని పొట్ట కింద నడిచే బుల్లికుక్కొకటి ఆవిడ వెంట ఉన్నాయి. గుమాస్తా ఎదురెళ్ళి రెండింటినీ వాసన చూసి, డాక్టరమ్మ చెయ్యి నాకి, రండి రండి అన్నట్టు దారి ఇచ్చాడు.

“ఎంత మర్యాద నేర్పారు బాబాయిగారూ. మావాళ్ళకి కూడా నేర్పించకూడదూ?” అంటూ క్షణంలో కమ్మీలు దూర్చి గుడారం నిలబెట్టేసింది. షావుకారు ఛాతీ ఒక అంగుళం పెరిగింది. బేరం మనవైపే ఉంది అనుకున్నాడు.

“మేకులు కొట్టే సుత్తి ఒకసారి ఇస్తారా? ఇప్పుడే తెచ్చేస్తాను” అంది డాక్టరమ్మ. సుత్తి తీసుకుని నాలుగడుగులు వేసిందో లేదో, గుమాస్తా తాడు చివరిదాకా దూకి దారికి అడ్డంగా నిలబడ్డాడు. వాడి మొరుగుడికి కొండకి కొండ ప్రతిధ్వని ఇచ్చింది. దూడంత కుక్క బుల్లికుక్క వెనక దాక్కుంది.

కాపలాదారు వచ్చి వేలెత్తి చూపించాడు. “ఇది హెచ్చరిక.”

“సుత్తి అక్కడ పడేయమ్మా, మాట్లాడకుండా నడిచి వెళ్ళు” అన్నాడు షావుకారు. డాక్టరమ్మ అలాగే చేసింది. గుమాస్తా వెంటనే నోరు మూసి తోక ఊపాడు.

ఆ తర్వాతే కుళాయి తన విశ్వరూపం చూపించింది. ఎండ వాలేసరికి జనం ఖాళీ బకెట్లతో వస్తున్నారు, నిండు బకెట్లతో పోతున్నారు. వచ్చేవాళ్ళకి గుమాస్తా స్వాగతం. పోయేవాళ్ళ మీద పడబోతుంటే షావుకారు వాడి మూతిని రెండు చేతులతో పట్టుకుని, “ఒరేయ్ గుమాస్తా, నీళ్ళురా, నీళ్ళు మనవి కావురా, కొండవిరా” అని బతిమాలుతున్నాడు. మూసిన మూతిలోంచి కూడా వాడు గుర్రుమంటూనే ఉన్నాడు. ఎవరో ఎర్రటోపీ మనిషి బిందె భుజానికెత్తుకుని పరుగెత్తాడు. పరుగెత్తినవాడు దొంగ కాడంటే ఏ గుమాస్తా నమ్ముతాడు? మూతి విడిపించుకుని మొరగనే మొరిగాడు.

దూరంగా గేటు దగ్గర కాపలాదారు కుర్చీలోంచి లేచాడు. ఆయన ఇక్కడికి రావడానికి మైదానమంతా దాటాలి. ఆ లోపే చెయ్యగలిగిందేదో చెయ్యాలి. షావుకారుకి బేరాలన్నీ గుర్తొచ్చాయిగాని ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

భార్య కాఫీ కలుపుతోంది. కళ్ళు తుడుచుకోబోయేసరికి చేతిలోని చెంచా జారి ఇనప్పెట్టె మూత మీద పడింది. ఠంగుమంది.

గుమాస్తా మొరుగుడు మధ్యలో తెగిపోయింది. వెనక్కి తిరిగాడు, ఇనప్పెట్టె వైపు ఒక చూపు చూశాడు, ఆవులించాడు, కాళ్ళు మడుచుకుని పడుకున్నాడు. పని అయిపోయిన ఉద్యోగిలా.

షావుకారు కదలకుండా నిలబడిపోయాడు. మళ్ళీ రాడనుకున్న ఖాతాదారు గుమ్మంలో కనిపిస్తే దుకాణదారుకి ఒళ్ళు ఎలా జలదరిస్తుందో, అలా అయింది ఆయనకి.

“ఇంకొకసారి కొట్టు” అన్నాడు.

“ఏమిటి కొట్టేది?”

“పెట్టెని. కాదు, ఆగు. ముందు నేను వెళ్తాను.”

బకెట్టు తీసుకుని దారి మీదికి నడిచాడు. గుమాస్తా లేచాడు. యజమానైతే మాత్రం, డబ్బు కట్టొద్దూ? నోరు తెరిచేలోపు, “కొట్టు” అన్నాడు షావుకారు. ఠంగ్. గుమాస్తా పడుకున్నాడు.

ఆవిడ చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. “ఏమండీ, ఇది మన గల్లాపెట్టె చప్పుడు కదండీ.”

అదే. దుకాణంలో గల్లాపెట్టె సొరుగు లాగితే గంట ఠంగుమనేది. డబ్బు లోపల పడిందని, సరుకు బయటికి పోవచ్చని దాని అర్థం. రోజంతా వినేవాళ్ళకి అది చప్పుడే కాదు. ఊపిరి పీల్చడం వినిపించనట్టే వినిపించదు. గుమాస్తా ఒక్కడే ఇన్నేళ్ళూ దాన్ని జాగ్రత్తగా విన్నాడు. వాడు మొహాలూ చూడలేదు, దొంగల్నీ పట్టలేదు. గంట మోగితే పోనిచ్చాడు, మోగకపోతే ఆపాడు. ఆ గంటని బల్లతో సహా కొసరుగా ఇచ్చేసి, కుక్క చెడిపోయిందని తిడుతున్నది ఎవరు?

“వాడి మీద అన్యాయంగా జరిమానా వేశాం కదే” అన్నాడు షావుకారు. “ఉద్యోగం ఇచ్చి, పనిముట్టు లాక్కున్నాం.”

“మీరు లాక్కున్నారు” అని సవరించింది ఆవిడ. కానీ మొహం వెలిగిపోతోంది.

కాపలాదారు వచ్చేశాడు. “పెద్దాయనా, నా చేతుల్లో లేదు. సామాను సర్దుకోండి.”

“సర్దుకుంటాం. ఒక్క ఉపకారం చెయ్యండి. మేం తెచ్చుకున్న ఈ కట్టెల మోపు ఎవరికైనా పనికొస్తుంది, పట్టుకెళ్ళండి.”

“ఎందుకు, కరిపించడానికా?”

“కరిస్తే ఈ వ్యాను మీది.”

భార్య ఉలిక్కిపడి వ్యాను వైపు చూసింది. షావుకారు పూచీ లేకుండా మాటివ్వడం ఆవిడ ఎరగదు. కాపలాదారు మోపు ఎత్తుకుని, మెడ వెనక్కి తిప్పుకుంటూ నడిచాడు. గుమాస్తా లేచి, ఊపిరి బిగించాడు. ఠంగ్. గుమాస్తా కూర్చుని చెవి గోక్కున్నాడు. కాపలాదారు ఆగి, వెనక్కి వచ్చి, మోపు దించి, మళ్ళీ ఎత్తుకుని నడిచాడు. ఠంగ్. ఈసారి గుమాస్తా లేవడానికి కూడా బద్ధకించాడు.

“ఇదేం కుక్కండీ, నా పై అధికారి కన్నా నయం” అన్నాడు కాపలాదారు. “ఆయనకి ఏ గంట కొడితే సంతకం పెడతాడో ఇప్పటికీ తెలీదు.” మోపు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

కాసేపట్లో సంగతి గుడారం నుంచి గుడారానికి పాకింది. డాక్టరమ్మ ఒక పాత చెంచాకి దారం కట్టి కుళాయి గొట్టానికి వేలాడదీసింది. నీళ్ళు పట్టుకున్నవాళ్ళు గొట్టం మీద ఒకటి కొట్టి వెళ్ళాలి. ఎర్రటోపీ మనిషి మొదట భయపడుతూ కొట్టాడు. తర్వాత బిందె నిండుగా ఉన్నా ఒలకబోసి మళ్ళీ నింపుకోవడానికి వచ్చాడు. పెద్దవాళ్ళు కూడా వరసలో నిలబడి, ఒట్టి చెంబుతో వచ్చి కూడా గంట కొట్టి, గుమాస్తా వైపు చూసి, “కట్టేశామండీ” అని చెప్పి వెళ్తున్నారు. గుమాస్తా తోక ఆగకుండా ఊపుతున్నాడు. దుకాణం అమ్మాక అంత గిరాకీ వాడు చూడలేదు.

మర్నాడు ఎండెక్కకముందే కుక్కలున్నవాళ్ళంతా కలిసి శిఖరానికి బయలుదేరారు. ముందు గుమాస్తా, వాడి వెనక దూడంత కుక్క, దాని పొట్ట కింద బుల్లికుక్క. రాళ్ళ మీద గోళ్ళు టకటకలాడుతున్నాయి. మోకాళ్ళు మొరాయిస్తాయని భయపడిన షావుకారుని గుమాస్తా తాడు బిగించి లాగుతుంటే, ఎక్కుతున్నది ఎవరో, ఎక్కిస్తున్నది ఎవరో తెలియలేదు. చివరి మలుపు తిరిగేసరికి మేఘాలు కాళ్ళ కింద ఉన్నాయి. వాటి సందులోంచి నీలం సరస్సు ఒకటి ఒక్కసారి మెరిసి దాక్కుంది.

షావుకారు భార్య కొంగు గాలికి ఎగురుతుంటే పట్టుకోవడం కూడా మరిచిపోయింది. మేఘాల వైపే చూస్తూ అంది: “ఇన్నాళ్ళూ దీన్నా మీరు బాకీ పెట్టింది?”

“వడ్డీతో ఇచ్చాను కదా.”

“వడ్డీ ఏదీ?”

“మళ్ళీ వద్దాం.”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. గుమాస్తా ఇద్దరి మధ్యా దూరి, తడి ముక్కు ఆవిడ అరచేతిలో పెట్టాడు.

దిగేటప్పుడు బావమరిది ఫోను. “గొలుసు కొనేశాను బావా, గట్టిది. ఎన్నింటికి దించుతావ్?”

“గొలుసు నీ సైకిలుకి వేసుకోరా” అన్నాడు షావుకారు. “నా గుమాస్తాకి బదిలీ రద్దయింది.”

సోమవారం పొద్దున మెట్ల పక్క గోడకి చిన్న ఇత్తడి గంట వేలాడుతోంది. సెక్రటరీ చెత్తసంచితో వచ్చి, దాన్ని అనుమానంగా చూసి, షావుకారు చెప్పినట్టు ఒకటి మోగించాడు. గుమాస్తా కన్ను కూడా తెరవలేదు. సెక్రటరీ రెండు మెట్లు దిగి, ఆగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు.

“ఇంకోసారి కొట్టొచ్చాండీ?”

“సంచికి ఒకటే” అన్నాడు షావుకారు. “ఇంకోసారి కావాలంటే ఇంకో సంచి తెచ్చుకోవాలి.”

ఆ మధ్యాహ్నం ఆయన మనసులోనే జమాఖర్చు చూసుకున్నాడు. ఒక కుక్కని తీసుకెళ్ళి, అదే కుక్కని తెచ్చుకున్నాడు, కాబట్టి అసలు దక్కింది. దొంగల్ని పట్టే కుక్క అన్న పేరు పోయింది, కట్టెల మోపు పోయింది. పోయిన దానికంటే ఎక్కువ వచ్చిందని తెలుస్తోందిగాని ఎంతన్నది తేలడం లేదు. సరే అనుకుని గుడారం మడతపెట్టి అటక మీద పెట్టబోతే, భార్య నిచ్చెన పట్టుకుని ఆపింది.

“అక్కడెందుకు? వ్యానులోనే ఉండనివ్వండి.”

ఎన్నేళ్ళుగానో ఎవరూ కొనని సరుకది. ఇన్నాళ్ళకి దానికి గిరాకీ కుదిరింది. వ్యానులో పెట్టి వస్తూ షావుకారు గంట ఒకటి కొట్టాడు.