మల్లేశు గ్లాసు

తాగుబోతు పోలిరాజును మళ్లీ మనిషిని చేసినవాడు మల్లేశు. తాగుడు మానినవాళ్ల మీటింగుల్లో అలాంటి తోడును స్పాన్సర్ అంటారు. మందు వైపు మనసు లాగితే ముందు అతనికే ఫోన్ చేయాలి.

రేవు పక్క తెలుగువాళ్ల పేట వాట్‌గంజ్‌లో మల్లేశు దినం నాడు తల్లి అప్పమ్మ, ఆనవాయితీ తప్పకుండా, ఫొటో ముందు సారా గ్లాసు పెట్టింది.

“అన్న మానీసినాడు గదా, పెద్దమ్మా,” అన్నాడు పోలిరాజు.

“ఇన్నేళ్లూ నోరు కట్టీసుకున్నాడు. ఇప్పుడైనా తాగనీరా.”

ఆ సారా వాసనకు పోలిరాజుకు నోరూరింది. వీధిలోకి వచ్చేసి అలవాటుగా మల్లేశు నంబరు నొక్కాడు. ఫోను లోపల, ఫొటో పక్కనే మోగింది.

తాగుడు మానడానికి ఈమధ్యే మల్లేశును తోడు తెచ్చుకున్న యోగేశ్ వెనకే వచ్చాడు. “దాదా, లోపల ఉండనేకపోతన్నాను. ఇంక ఎవులికి ఫోన్ సెయ్యాల?”

పోలిరాజు ఫోను కట్ చేశాడు; లోపల మోత ఆగిపోయింది.

“నాకు సెయ్యి.”