కొండ మసి

సిలువ పండగ దగ్గరపడితే మా ఆర్మేనియన్ల ఊరు అంజార్‌లో మొగుడూ పెళ్ళాలే సరిగ్గా మాట్లాడుకోరు, ఇక ఇరుగుపొరుగుల సంగతి చెప్పేదేముంది. గొడవంతా గుండిగల దగ్గర. చర్చి ముందు వరసగా పొయ్యిలు కడతాం. పండగ ముందు రోజు సాయంత్రం వాటిమీద రాగి గుండిగలు ఎక్కించి, గోధుమలూ మాంసమూ వేసి, తెల్లారేదాకా తెడ్లతో మెదిపి హరిసా వండుతాం. మొదటి పొయ్యి ఎవరిదైతే వాళ్ళే నిప్పు పెట్టాలి. మిగతావాళ్ళు ఆ పొయ్యి దగ్గరికొచ్చి, నోరు తెరిచి అడిగి, కొరివి పట్టుకెళ్ళాలి. అదిగో, ఆ అడగడం దగ్గరే మా వాళ్ళకి ఒళ్ళు మండుతుంది.

మొదటి పొయ్యి మర్దిరోస్ ఇంటిది. మా పాత ఊళ్ళున్న మూసా కొండ మాది కాకుండా పోయిన ఏడు అందరూ దుప్పట్లు మూటకట్టుకుంటే, మర్దిరోస్ మాత్రం గుండిగని తలమీద బోర్లించుకుని కొండ దిగాడు. దారిలో వడగళ్ళ వాన పడితే బితియాస్ ఊరివాళ్ళంతా దాని కిందే నిలబడ్డారని మా నాన్న చెప్పేవాడు. గాడిదలు కూడా పట్టాయట. మీరు నమ్మకపోతే నాకేం నష్టం లేదు.

మేం గుండిగ లోపల ఏటా కళాయి పోయిస్తాం, బయటి మసి జోలికి మాత్రం పోం. అది కొండ కట్టెలు కాలిన మసి. కొండ మసి ఉన్న గుండిగే ముందు నిలబడాలని పెద్దలు పెట్టిన కట్టుబాటు. అసలు ఊళ్ళో ఏ గుండిగని అడిగినా కొండ మీంచి వచ్చానంటుంది. మర్దిరోస్‌ది అందరూ చూస్తుండగా వచ్చింది, అంతే తేడా.

ఇప్పుడా గుండిగ ఆయన కోడలు వార్తెర్ చేతిలో ఉంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊళ్ళో ఆవిడకి మిగిలిన గౌరవమల్లా ఏడాదికోసారి ఆ నిప్పు పెట్టడమే. రెండో పొయ్యి గస్బార్‌ది. వాడికి చిన్నప్పట్నుంచీ ఒకటే పాట. "మర్దిరోస్ అసలు గుండిగని మొదటి చలికాలంలోనే జహ్లే పట్నం బజార్లో అమ్ముకు తిన్నాడు. ఇది తర్వాత కొన్నది." ఎవరు చూశార్రా అంటే, "మా నాన్న" అంటాడు. వాళ్ళ నాన్నకి అప్పటికి పాలపళ్ళు.

ఇలా ఉండగా ఈసారి పండగ ముందు రోజు పొద్దున్నే లియోన్ నుంచి డాక్టరమ్మ దిగింది. మందులిచ్చే డాక్టరు కాదు. మన ఆర్మేనియన్లు పరుగెత్తేటప్పుడు ఏం పట్టుకు పరుగెత్తారో, ఆ వస్తువులు ఎక్కడ తేలాయో పరిశోధన చేసే డాక్టరు. పేరు నువార్ద్. తాత కొండమీది మా ఖుదర్‌బెక్ ఊరివాడే, ఆవిడ పుట్టింది ఫ్రాన్సులో. చేతిలో చిన్న కత్తి, సంచీలో గాజు గొట్టాలు. గస్బార్ ఆవిడ్ని నేరుగా వార్తెర్ వాకిట్లోకి తీసుకొచ్చాడు. వెనకే నేనూ వెళ్ళాను. గొడవ జరిగేచోట నేను లేకపోతే అది గొడవే కాదు.

"మసి పొరలు పొరలుగా ఉంటుందండీ," అంది నువార్ద్. "అడుగు పొర కొంచెం గీకి ఇస్తే, అది ఏ చెట్టు కాలిన మసో ప్రయోగశాలలో తేలుతుంది. కొండ చెట్లయితే కొండ గుండిగ. ఇక్కడి పాప్లర్ చెట్లయితే కాదు."

"మీ తాత కొండ నుంచి ఏం తెచ్చాడమ్మాయ్?" అంది వార్తెర్.

"ఏమీ తేలేదు."

"అందుకని మాది గీకడానికి వచ్చావు."

గస్బార్ అందుకున్నాడు. "గీకితే నీ సొమ్మేం పోయింది వార్తెరక్కా? నిజమైతే నిజమని తేలుతుంది."

"నువ్వు నోరు ముయ్యి. మీ ఇంట్లో నిజం ఆఖరిసారి ఎప్పుడు పలికారో మీ అమ్మనడుగు."

డాక్టరమ్మకి కూడా ఒళ్ళు మండినట్టుంది. బోలెడు చదువుకున్నవాళ్ళకి కోపం వస్తే మాట నెమ్మదిస్తుంది. "అబద్ధం కానప్పుడు భయమెందుకండీ?" అంది నెమ్మదిగా.

వార్తెర్ ఆవిడ మొహంకేసి చూసింది. ఇసుక పడ్డ అన్నం నమిలినట్టు దవడ ఒకసారి కదిపింది. "మధ్యాహ్నం తిండి తిని రా," అంది.

వాళ్ళటు వెళ్ళగానే ఆవిడ గుండిగని వీధిలోకి దొర్లించింది. ద్రాక్ష వెనిగరు, ఇసుక, పొయ్యి బూడిద తెచ్చుకుని, చీపురు కట్ట మొదలుతో బయటివైపు తోమడం మొదలుపెట్టింది.

"వదినా, మసి పోతే మొదటి పొయ్యి పోతుంది."

"తెలుసులే అవెదిస్."

"మరెందుకీ పని?"

"మా మావ కొండదని చెప్పాడు. ప్రాణం పోయేముందు కూడా అదే చెప్పాడు. అమ్ముకున్నాడో లేదో నాకేం తెలుసు? ఆ చలికాలం ఆయన పిల్లలిద్దరు జ్వరాలకి పోయారు, అమ్ముకునే ఉంటే తప్పా? కానీ పాప్లర్ అని కాగితం వస్తే ఆ గస్బార్ గాడు దాన్ని చర్చి తలుపుకి అతికిస్తాడు. సమాధిలో ఉన్నవాణ్ణి అబద్ధాలకోరంటారు. పొయ్యి పోతే పోయింది. పక్కకి జరుగు, ఎండకి అడ్డమొస్తున్నావు."

నువార్ద్ తిరిగొచ్చేసరికి గుండిగ పెళ్ళికూతురులా ఎర్రగా ధగధగలాడుతోంది. వీధి పొడుగునా నల్లటి నీళ్ళు.

"మీరేం చేశారో మీకు తెలుసా? వందేళ్ళ సాక్ష్యం మురిక్కాలవలో కలిపారు," అంది.

"కాలవలో గీక్కో, ఎవరొద్దన్నారు."

గస్బార్ మాత్రం మీసం దువ్వాడు. "మసి లేని గుండిగకి మొదటి పొయ్యి లేదు. ఈ సాయంత్రం నిప్పు మాది. అందరూ విన్నారుగా."

డాక్టరమ్మ కత్తి చేతిలోనే ఉంది. అటు తిరిగి, "అయితే మీ గుండిగ చూపించండి," అంది.

"మాదా?"

"మీదీ కొండదేనన్నారుగా."

"ఊరందరికీ తెలుసు. దాన్ని గీకడమెందుకు?"

"అబద్ధం కానప్పుడు..."

"ఇంట్లో ఎవరూ లేరు. తాళం వేసుంది," అన్నాడు గస్బార్. చెప్పి, అప్పటిదాకా కర్ర లేనిదే నడవనివాడు ఇంటికి ఎలా పరుగెత్తాడంటే, వాడి టోపీ ఇంకా దారిలోనే ఉందని కొందరంటారు.

డాక్టరమ్మ కత్తి పట్టుకుని ప్రతి ఇంటికీ వస్తోందన్న కబురు ఆవిడకన్నా ముందే పేటలన్నీ తిరిగింది. ఆ మధ్యాహ్నం మీరు మా ఊళ్ళో ఉండాల్సింది. ప్రతి గోడ వెనకా ఒకటే గరగర. ఆవిడ తలుపు తడితే ఆగేది, వెళ్ళిపోగానే మళ్ళీ మొదలు. కొట్లో వెనిగరు అయిపోతే పుల్ల దానిమ్మ రసం పోశారు. మా ఇంట్లో ఎవరూ తోమలేదు. మా గుండిగ దానంతటదే మెరిసింది.

పొద్దు వాలేసరికి చర్చి ముందు పొయ్యిల దగ్గరికి గుండిగలు వచ్చాయి. అన్నీ కొత్త రాగిలా మెరుస్తున్నాయి. ఆ మెరుపుకి సరిహద్దు అవతల సిరియా సైనికులు దుర్భిణీలు తీశారని చెప్పుకున్నారు. ఎవరూ ఎవరి గుండిగా చూడట్లేదు, అందరూ చెప్పులు చూసుకుంటున్నారు. డోలు వాయించేవాడు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వార్తెర్ తన గుండిగని దొర్లించుకుంటూ వచ్చి మొదటి పొయ్యి దగ్గర ఆపింది.

"అక్కడెక్కడ పెడుతున్నావు?" అన్నాడు గస్బార్.

"కళ్ళు కనిపించట్లేదా?"

"మసి లేదుగా."

"ఎవరిది ఉంది?" వార్తెర్ వరసంతా ఒకసారి చూసింది. "కొండ మసి ఉన్నవాళ్ళు ముందుకి రండి. నేను ఆఖరుకి పోతాను."

ఎవరూ కదల్లేదు. ఫాదర్‌గారు దగ్గారు. ఉప్పు ఆశీర్వదించే పని ఆయనకి చాలా తొందరగా గుర్తొచ్చింది.

"ఇదంతా రాస్తాను నేను," అంది నువార్ద్, ఖాళీ గొట్టాలు సంచీలో పడేస్తూ. "ఊరంతా కలిసి ఏం చేసిందో రాస్తాను."

"రాసుకో తల్లీ. మీ తాత ఊరని కూడా రాయి," అంది వార్తెర్, వంగి నిప్పు ముట్టిస్తూ.

ఒక్కొక్కరే వచ్చి అడిగి కొరివి పట్టుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. గస్బార్ అందరికన్నా ఆఖర్న వచ్చి, మెడ పక్కకి తిప్పుకుని చెయ్యి చాపాడు.

"నోటితో అడుగు," అంది వార్తెర్.

"నిప్పియ్యి."

ఆవిడ పొయ్యిలో చాలాసేపు వెతికి, సగం పచ్చిగా ఉన్న ఆపిల్ కొమ్మ ఒకటి తీసిచ్చింది. వాడి పొయ్యి చేరేలోపే అది ఆరిపోయింది. వాడు కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.