తొమ్మిది మైళ్ళ కోటు

ఉదయం పదింటికి నోరీన్ క్లబ్బు తలుపు తీస్తుంది. దీపాలు వేయకముందే, టీకి నీళ్ళు పెట్టకముందే, గోడకున్న కొక్కేనికి వేలాడుతున్న కోటు దగ్గరికి వెళ్ళి, దాని కింద నిండిన బకెట్టు తీసి ఖాళీది పెడుతుంది. మామూలు రోజుల్లో రోజుకి రెండు బకెట్లు. నవంబరులో మూడు. ఆ నీళ్ళు పలచటి టీ రంగులో ఉంటాయి. కొండబయలు మీద పడే వాననీళ్ళన్నిటికీ అదే రంగు, అక్కడి నల్లమట్టి అలాంటిది. వాటితోనే ఆమె నేల తుడుస్తుంది, మిగిలినవి కిటికీలో పూలమొక్కలకి పోస్తుంది.

కోటు ఆమె అన్న లెన్ స్టానిఫోర్త్‌ది. లెన్ ఒక బ్యాండులో గిటారు వాయించేవాడు. అది మంచి గొర్రెతోలు కోటు. 1972 నవంబరులో ఒక గురువారం సాయంత్రం అతను తడిసి ముద్దై వచ్చి దాన్ని ఆ కొక్కేనికి తగిలించాడు. ఆదివారానికల్లా పోయాడు. ఇరవయ్యేడేళ్ళు. కోటు మాత్రం నలభయ్యారేళ్ళయినా ఆరలేదు.

థార్న్‌లీ ఉక్కు కార్మికుల క్లబ్బులో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. బీరు పీపాలు దొర్లించుకొచ్చేవాడు బకెట్టు కాలికి తగిలినప్పుడల్లా విసుక్కుంటాడు. బీమా మనిషి వచ్చినప్పుడు 'గోడకి చెమ్మ ఎందువల్ల' అన్న ప్రశ్నకి ఎదురుగా 'కోటు' అని రాసుకుని పోతాడు. పట్టించుకున్నవాడు ఒక్క వాల్టర్ ఓట్స్ మాత్రమే. వేదిక మీదికి ఎవరు ఎక్కాలో ఎవరు దిగాలో చెప్పే కార్యదర్శి అతను. ఇప్పుడు ఎనభై దాటాయి. ఒకప్పుడు ఎవరో గిటారు వాయించేవాడు భక్తిగా కోటుని కావలించుకుని, అదే తడితో వేదికెక్కి మైకు పట్టుకున్నాడు. కరెంటు కొట్టి కనుబొమ్మలు రెండూ కాలిపోయాయి. మర్నాడే వాల్టర్ ఒక చెక్క మీద ఎర్రరంగుతో రాసి వేదిక పక్కన మేకు కొట్టాడు: 'తడిసినవారు వేదిక ఎక్కరాదు. ఎంతటివారైనా సరే.'

ఆ కోటు కోసం ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు వస్తారు. లెన్ పోయాక విడుదలైన 'ఉప్పు లారీ' అన్న పాట అలాంటిది. గిటారు పట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునేది అదే. రెండో చరణానికి ముందు గిటారు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఖాళీలో ఒక దగ్గు వినిపిస్తుంది, మళ్ళీ గిటారు అందుకుంటుంది. ఆ పాట వాయించే వాళ్ళందరూ అక్కడ ఆగి దగ్గుతారు. పెద్దపెద్ద మైదానాల్లో యాభైవేలమంది ఒక్కసారిగా దగ్గుతారట. అదొక శైలి అనీ, లోకం మీద లెన్ విసిరిన ధిక్కారం అనీ వ్యాసాలు కూడా రాశారు.

ధిక్కారమూ లేదు, వల్లకాడూ లేదు. లెన్‌కి ఛాతీలో జబ్బు. ఆ రికార్డు చేసిన వారం వాడికి మెట్లెక్కడానికే ఆయాసం వచ్చేది.

జరిగింది నోరీన్‌కి తెలుసు. చావబోయే ముందు అన్న తన నోటితో చెప్పాడు. బ్యాండు బండికి బ్యాటరీ సరిగా ఉండేది కాదు. ఎత్తెక్కేటప్పుడు ఆగిపోతే ఒకరు దిగి తొయ్యాలి. ఎవరు దిగాలో అగ్గిపుల్లలు లాగి తేల్చుకునేవాళ్ళు, పొట్టిపుల్ల వచ్చినవాడు దిగాలి. ఇంజను అందుకున్నాక బండి కొండ కొసన ఆగి తోసినవాడిని ఎక్కించుకోవాలి. ఊరూరూ తిరిగే బ్యాండు వాళ్ళందరికీ అదే పద్ధతి. పుల్లలు పట్టుకునేది పాట పాడే డెస్ టాప్లిస్. ఆ నెలంతా పొట్టిపుల్ల లెన్‌కే వచ్చింది, ఎలా వచ్చిందో మీరే ఆలోచించండి. ఆ గురువారం జోరువానలో లెన్ దిగి తోశాడు, ఇంజను అందుకుంది. మాంచెస్టరులో రేడియో వాళ్ళు ఎదురుచూస్తున్నారని, బండి నడుపుతున్న డెస్ కొండ కొసన ఆపలేదు. వెనక డ్రమ్ములవాడు నిద్రపోతున్నాడు. లెన్ ఆ ఛాతీతో, ఆ వానలో తొమ్మిది మైళ్ళు నడిచి క్లబ్బుకి వచ్చి, కోటు తగిలించి, బీరు పోసే బల్ల వెనక నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ చెల్లెలితో, "కాసిని టీ ఇవ్వవే," అన్నాడు.

డెస్ పత్రికలవాళ్ళకి చెప్పింది వేరు. లెన్ పీకలదాకా తాగి, గొడవపడి, బండిలోంచి దూకి వెళ్ళిపోయాడన్నాడు. లోకం నమ్మింది. గిటారు వాయించేవాడు, ఇరవయ్యేడేళ్ళకి పోయాడు, తాగి కాక ఎలా పోతాడు! అప్పటినుంచి కోటు చూడ్డానికి వచ్చేవాళ్ళు దాని కింద విస్కీ సీసాలు పెట్టిపోతారు. టీ తప్ప ఏమీ ఎరగని మనిషికి విస్కీ! నోరీన్ వాటిని పారబోస్తూ పళ్ళు నూరేది.

పోయిన చలికాలం హల్ అనే ఊరి నుంచి జోష్ అనే ఇరవై రెండేళ్ళవాడు వచ్చాడు. కోటుకి దణ్ణం పెట్టి, సీసా తానే ఖాళీచేసి, లెన్ నడిచిన దారిలో కాలవగట్టున పడుకున్నాడు. మంచుకి చచ్చుబడ్డ ఎడమకాలి వేళ్ళు మూడు తీసేశారు. నోరీన్ ఆసుపత్రికి వెళితే పక్కమీద వెలిగిపోతూ చెప్పాడు.

"లెన్‌కి చాలా దగ్గరగా వెళ్ళొచ్చానండీ. ఈసారి ఇంకా దగ్గరగా వెళతా."

ఆ రోజు క్లబ్బుకి తిరిగొచ్చి నోరీన్ మొదటిసారిగా కోటు చేతిలో తన చెయ్యి దూర్చింది. లోపల వాన కురుస్తోంది. అది ఆమె మోచేతిదాకా పాకి, ఎవరినో వెతుక్కుంటున్నట్టు తడిమి చూసి, ఈవిడ కాదని తెలుసుకుని వదిలేసింది. నోరీన్ చెయ్యి తుడుచుకుంది. అది ఎవరికోసం చూస్తోందో ఆమెకి అర్థమైంది.

అక్టోబరులో డెస్ టాప్లిస్ నుంచి కబురొచ్చింది. డెబ్భై రెండేళ్ళకి ఆఖరిసారిగా దేశమంతా తిరిగి పాడతాడట. దానికి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం, పాత క్లబ్బులో, పాత మిత్రుడి పేరిట ఫలకం ఆవిష్కరిస్తాడట. సినిమా తీసేవాళ్ళు కూడా వస్తారట. ఫలకం ముందే పంపారు. 'ఒక చేత గిటారు, ఒక చేత సీసా పట్టుకుని వెళ్ళిపోయిన మహానుభావుడు' అని ఇత్తడి మీద చెక్కించారు. నోరీన్ అది చదివి, దానిమీద టీ కప్పు పెట్టుకుంది.

ఆదివారం డెస్ దిగాడు. ఇన్నేళ్ళొచ్చినా తలమీద ఒక్క వెంట్రుక రాలలేదు, ఎంత అన్యాయమో చూడండి. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి చేతులు చాపాడు.

"నోరీన్! ఏం మారలేదు నువ్వు."

"మారాను. అప్పట్లో నీ మొహాన ఉమ్మాలంటే భయపడేదాన్ని."

డెస్ నవ్వేశాడు. "అదే నోరు. ఒక టీ ఇస్తావా?"

"ఇస్తా. ముందు నాకొకటి కావాలి. ఇవాళ మైకు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పు. పుల్లలు నీ చేతిలో ఉన్నాయని చెప్పు. బండి ఆపలేదని చెప్పు. వాడు తాగలేదని చెప్పు. ఆ తరవాత నీ జోలికి రాను."

డెస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడెందుకు అవన్నీ? నలభయ్యారేళ్ళయింది."

"నాకు తెలీదా? రోజూ బకెట్టు మార్చేది నేనే."

"చూడు, జనం ప్రేమించింది సీసా పట్టుకున్న లెన్‌ని. దగ్గొచ్చి పోయాడంటే ఎవడు వింటాడు? నేను ఆ మాట అనకపోతే మీ అన్న పేరు ఈపాటికి ఈ వీధిలో కూడా ఎవడికీ గుర్తుండేది కాదు. నువ్వు నాకు దణ్ణం పెట్టాలి అసలు."

నోరీన్‌కి చేతిలో ఉన్న వేడి టీ వాడి మొహాన కొట్టాలనిపించింది. అంతలో సినిమా తీసే అమ్మాయి పరుగున వచ్చింది.

"డెస్ గారూ, మీరు ఆ కోటు వేసుకుని మాట్లాడితే అదిరిపోతుంది! కానీ ఆవిడ ఒప్పుకుంటారో లేదో..."

"ఒప్పుకోకేం?" అంది నోరీన్, కప్పు కింద పెడుతూ. "నేనే తొడుగుతాను."

హాలు కిటకిటలాడిపోతోంది. కుర్రవాళ్ళు నలుగురు 'ఉప్పు లారీ' వాయించారు. ఆగాల్సిన చోట ఆగారు. హాలంతా దగ్గింది. డెస్ కళ్ళు తుడుచుకున్నట్టు నటించి మైకు అందుకున్నాడు.

"మా లెన్ ఆ రాత్రి ఒక సీసా ఖాళీచేసి రెండోది..." అని మొదలెట్టాడు.

"పైలొచ్చాయి!" అని వాల్టర్ కేకపెట్టాడు.

మాంసం కూరి కాల్చిన వేడి పైలు, బఠాణీలు వచ్చాయంటే మా క్లబ్బులో రాజుగారు మాట్లాడుతున్నా ఆపాల్సిందే. పావుగంట సేపు అందరూ వరసలో నిలబడి పైలు తెచ్చుకున్నారు. డెస్ కిందికి దిగి పక్కన నిలబడి పళ్ళికిలించాడు. ఆ పావుగంటలోనే నోరీన్ కోటు తెచ్చింది. చెల్లెలు అన్నకి తొడిగినట్టు, ఒక చెయ్యి, తరవాత రెండో చెయ్యి, ఓపిగ్గా తొడిగి మెడదాకా గుండీలు పెట్టింది.

"బరువుగా ఉందే," అన్నాడు డెస్.

"తొమ్మిది మైళ్ళు మోశాడు వాడు. నువ్వు పది నిమిషాలు మొయ్యలేవా?"

కొక్కెం కింద బకెట్టులో టప్ టప్ మనే చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడుకి అలవాటు పడిన ముసలివాళ్ళందరూ తినడం ఆపి తలలెత్తారు.

డెస్ వేదిక మెట్టు మీద కాలు పెట్టాడు. వాల్టర్ అడ్డం వచ్చాడు. డెస్ బూట్ల చుట్టూ టీ రంగు నీళ్ళు మడుగు కట్టాయి.

"దిగు నాయనా."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు. బోర్డు చదువు. ఎంతటివారైనా సరే."

కెమెరా తిరుగుతూనే ఉంది. డెస్ నవ్వబోయి, విసుగ్గా కోటు విప్పి విసిరేశాడు. నోరీన్ పట్టుకుంది. కోటు పొడిగా, పొయ్యి పక్కన ఆరేసినట్టు వెచ్చగా ఉంది. డెస్ మాత్రం కారుతూనే ఉన్నాడు. జుట్టులోంచి, చెవుల మీదుగా, చొక్కా చేతుల్లోంచి ధారలు కడుతున్నాయి. తువ్వాళ్ళు తెచ్చారు. తుడిచిన చోటే తడిసింది. ఫలకం అలాగే మిగిలిపోయింది.

ఆ తరవాతి శనివారం, ఆఖరి యాత్రలో అతని మొదటి కచేరీ. ఆ హాలు ఎలక్ట్రీషియన్ డెస్‌ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, మైకు తీగ చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండో ఊళ్ళోనూ అదే జరిగింది. రబ్బరు బూట్లు వేసుకుని చూశాడు, అవి నిండిపోయాయి. మూడో ఊళ్ళో పంతం పట్టి మైకు లేకుండానే పాడాడు. ఇరవైవేలమంది కూర్చున్న చోట మూడో వరస దాటి వినబడలేదు. నాలుగో వరసవాడు లేచి, "గట్టిగా పాడవయ్యా," అన్నాడు. జనం నవ్వారు. మిగిలిన ఊళ్ళు రద్దయ్యాయి. వైద్యులు చూసి ఆరోగ్యం బాగుందన్నారు. భార్య పరుపులు మార్చి మార్చి, చివరికి వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఏడాది తిరిగేసరికి డెస్‌కి ఛాతీలో దగ్గు పట్టుకుంది.

మళ్ళీ నవంబరు వచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం క్లబ్బు తలుపు తోసుకుని డెస్ వచ్చాడు. బయట ఎండ కాస్తోంది. సీటు పాడవుతోందని టాక్సీవాడు కొండ కొసన దింపేశాడట. అక్కణ్ణుంచి నడిచాడు. లోపల డామినోలు ఆడుతున్న నలుగురు ముసలివాళ్ళు, వాల్టర్, బల్ల వెనక నోరీన్ ఉన్నారు. చేతికర్రతో జోష్ ఉన్నాడు, మళ్ళీ కోటు చూడ్డానికి వచ్చాడు. జేబులోంచి సీసా మూత కనిపిస్తోంది.

"చెబుతాను," అన్నాడు డెస్ ఆయాసపడుతూ. "మైకు ఇవ్వండి."

"తడిసినవాళ్ళకి మైకు లేదు," అన్నాడు వాల్టర్.

"ఉత్త గొంతుతో చెప్పు," అంది నోరీన్. "వాడు నాకు అలాగే చెప్పాడు."

డెస్ చెప్పాడు. మధ్యమధ్య దగ్గుతూ, ఆగుతూ చెప్పాడు. పొట్టిపుల్లని బొటనవేలి కింద ఎలా దాచేవాడో కూడా చెప్పాడు. అద్దంలో లెన్ చెయ్యి ఊపుతూ కనబడ్డాడనీ, చూసి కూడా ఆపలేదనీ చెప్పాడు. ఆ అద్దం సంగతి నోరీన్‌కి కూడా తెలీదు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

జోష్ కర్ర పోటేసుకుని దగ్గరికి వచ్చాడు. తరవాత అడిగాడు.

"అయితే తాగలేదా? ఒక్క చుక్క కూడా?"

"టీ తప్ప ఏమీ తాగేవాడు కాదు," అన్నాడు డెస్.

"మరి ఆ దగ్గు?"

"జబ్బు. నాకు తెలుసు."

జోష్ వంగి తన ఎడమ బూటు వంక చూసుకున్నాడు. జేబులోంచి సీసా తీసి బల్లమీద పెట్టి, నోరీన్ వైపు జరిపాడు. "నాక్కూడా టీ ఇవ్వండి," అన్నాడు.

డెస్ కొక్కెం కింది బెంచీ మీద కూలబడ్డాడు. గడ్డం మీంచి చినుకులు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

"చెప్పేశాను కదా నోరీన్. ఇది ఎప్పుడు ఆగుతుంది?"

"తొమ్మిది మైళ్ళూ వాడూ అదే అనుకుంటూ నడిచాడు."

ఆమె బకెట్టుని కాలితో తోసి, డెస్ కాళ్ళ మధ్యకి జరిపింది. కొక్కెం మీంచి కోటు తీసి తొడుక్కుంది. పొడిగా, వెచ్చగా, కాస్త వదులుగా ఉంది. జోష్‌కి టీ పొయ్యమని వాల్టర్‌కి చెప్పి, మెడదాకా గుండీలు పెట్టుకుని, ఎండలోకి వెళ్ళిపోయింది.