బలానికిచ్చిన మాత్ర

గొడ్రాలన్న మాట ఒక్కటి డాక్టరు నోట అనిపిద్దామని ధనమ్మ కోడల్ని కాసిడీహ్‌లోని ఆస్పత్రికి లాక్కొచ్చింది. కొడుకు బంగార్రాజు టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరు. పెళ్ళయి మూడేళ్ళయినా ఇంట్లో ఒక నలుసు లేదు. రెండో సంబంధం ఆదిత్యపూర్‌లో చూసి ఉంచింది కూడాను! పాపం, ఆవిడ చెయ్యని ప్రయత్నమా? పెళ్ళయిన ఆరో నెలకే కోడలు రత్నం చేత అమ్మవారికి పదహారు శుక్రవారాల దీపం మొక్కించింది. ఒక్క వారం తప్పితే మళ్ళీ మొదటికి. ఇది ఆరో మొక్కు, ఇన్నిట్లో ఒక్క శుక్రవారం తప్పలేదు. ఎలా తప్పలేదో ధనమ్మకు తెలుసు, ఆవిడ కొంగుముడికి తెలుసు.

డాక్టరు రమాదేవిది అనకాపల్లి వైపు. కడుపు కాదని తేల్చాక, గర్భసంచి లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పోయినవారం పరీక్షకు పంపింది. ఇవాళ వచ్చిన కాగితం రెండుసార్లు చదివింది.

"ఏం మాత్రలు వాడుతున్నావమ్మా?"

"ఏటీ నేదండి. బలానికని మా అత్త ఇచ్చే తెల్ల మాత్రొకటే."

ధనమ్మ దర్జాగా ముడి విప్పి మాత్రల అట్ట బల్లమీద పెట్టింది. "బలానికి కాదు డాక్టరమ్మా, మీకాడ దాపరికమేటి? మాది ఒంటిగది కోటరు. ఇది బయట సేరితే దీపమెవులు పెడతారు? అందుకే ముట్టు రాకుండా ఇత్తన్నాను. మొక్కయ్యాక వారం ఆపి, తలకి పోసుకోగానే మళ్ళీ మొదలు."

రమాదేవి వంగి అట్టమీది పేరు చదివింది. "ఓరి దేవుడా! పొరలో హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లని ఉంటాయమ్మా. నెల మొదటి సగంలో ఒక హార్మోను వాటిని పెంచుతుంది. రెండో సగంలో ఇంకోటి వచ్చి వాటిని పట్టుకుంటేనే ఆ పొర బిడ్డకు పరుపవుతుంది. ఆ రెండోదాని పనే ఈ మాత్రది. ముందే వేస్తే రిసెప్టర్లు ఎదగవు, అండమూ విడుదల కాదు. ఈ పిల్లలో ఏ లోపమూ లేదు. మాత్ర ఆపితే పొర దారిన పడుతుంది. కడుపు రాకుండా ఆపింది మీరే."

ధనమ్మ ఖాళీ కొంగుముడి తడుముకుంది. బిడ్డ కోసం మొక్కిన మొక్కునే బిడ్డకు అడ్డం పెట్టిందా తను? ఓలమ్మో, ఈ చేత్తోనే!

రత్నం మాత్రం అట్టకేసే చూస్తోంది.

"నాలుగేసి నెల్లు ముట్టు ఆగేది అత్తా. కడుపొచ్చిందనుకునేదాన్ని. అయిదుసార్లు పాత చీరలు సింపి పొత్తిగుడ్డలు కుట్టుకున్నాను. నువ్వు పక్కనే కూకుని సూసేవు."

"నాకేటి తెలుసే తల్లీ..." ధనమ్మ ఏడుస్తూ కోడలి చెయ్యి పట్టుకోబోయింది.

రత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్లమీది అట్ట తీసి అత్త ఒళ్ళో పడేసి లేచింది.

"రేపు శుక్రవారం. దీపం నువ్వే పెట్టుకో. నాను బయట సేరతాను."