దయానందం సారు తలకట్టు

మొయినాబాద్ బడిలో పద్నాలుగేళ్లుగా పిల్లలకు అక్షరాల మీద తలకట్టు పెట్టడం నేర్పుతున్న దయానందం సారు, పందొమ్మిది వందల అరవై తొమ్మిది జూన్ నెలలో తన తలకే కట్టు కట్టించుకుని పట్నం బస్సు దిగాడు.

ఎదురుగా హోటల్ నడిపే అంతయ్య అది చూసి, చేతిలో గిన్నె దించి లేచి నిలబడ్డాడు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో పట్నం నుంచి తలకు కట్టుతో వచ్చినవాడి గురించి ఊరు ఒకటే అనుకునేది.

"లాఠీయా సార్?"

దయానందం తల ఊపలేదు. ఊపితే నొప్పి. "ఏం లేదన్నా, జర..." అని ఆగాడు.

ఆ 'జర'ను అంతయ్య తనకు తోచినట్టు పూర్తి చేసుకున్నాడు. "జై తెలంగాణ!" అని అరిచి, మలాయి వేసి చాయ్ ఇచ్చాడు. సారు దాన్ని తాగాడు. తప్పంతా అక్కడే మొదలైంది.

అసలు సంగతి ఇది. సారుకు నలభై రెండేళ్లు. భార్య పోయి ఆరేళ్లు. ఆమె ఉన్నప్పుడే ముందు జుట్టు పోవడం మొదలైంది. మిగిలినవాటికి నూనె రాస్తూ, "ఉన్నవాటికైన మర్యాద చెయ్యాలె గద" అనేది. ఇప్పుడు చర్చి అయ్యగారు స్వామిదాసు ఒక సంబంధం మాట తెచ్చారు: చేవెళ్ల దవాఖానలో నర్సు కరుణమ్మ, ఆమె భర్త కూడా పోయి చాలాకాలమైంది. ఆలోచించి చెప్తానన్నదట. గొడవల వల్ల బడి మూతపడి ఉంది. పని లేని మనిషికి అద్దం దొరికితే ఏమవుతుంది? సారు రోజుకు పదిసార్లు తన నొసలు ఎక్కడ ఆగుతుందో వెతుక్కున్నాడు. అది ఎక్కడా ఆగలేదు.

పట్నంలో ఒక డాక్టరు విదేశంలో కొత్త పని నేర్చుకొచ్చాడని విన్నాడు. తల వెనక నుంచి వెంట్రుకలతో సహా బఠానీ గింజంత తోలు ముక్కలు తీసి, ముందు నాటుతాడట. వరి నాట్లు చూసి పెరిగినవాడు కాబట్టి సారు జంకలేదు. అరవై ముక్కలు నాటించుకున్నాడు. డాక్టరు ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం ఒకటి ఇచ్చాడు. కూర్చునే నిద్రపోవాలి, వంగకూడదు, గోకకూడదు, మూడో రోజు కట్టు మార్పించాలి. సారు దాన్ని నాలుగుసార్లు చదివి, ముఖ్యమైన చోట్ల ఎర్ర సిరాతో గీతలు గీశాడు.

మూడో రోజు బంద్. పట్నం వైపు బస్సుల్లేవు. కట్టు మార్చేవాళ్లు చేవెళ్లలోనే ఉన్నారు, అక్కడున్నది కరుణమ్మే. ఈ తల ఎవరి కంటబడకూడదని అంత దూరం పోయాడో, ఆమె చేతుల్లోకే బండి కట్టుకుని తీసుకుపోవాల్సి వచ్చింది. అప్పటికి నొసటి వాపు కళ్ల మీదికి దిగింది. దిగుతుందని కాగితంలో ఉంది గాని, ముఖం నానబెట్టిన శెనగలాగ అవుతుందని లేదు.

"తల జర ముందుకు వంచుండ్రి సార్."

"వంచొద్దన్నరమ్మా."

"ఎవరన్నరు?"

సారు తల వంచేశాడు. జేబులోని కాగితం జారి కింద పడింది. ఆమె తీసి పక్కన పెట్టి, కట్టు కత్తిరించింది. వంచిన తల వెనక కాగితం ఒకసారి గలగలమంది.

"వెనక గూడ తగిలిందా?"

"ఆ... తగిలింది."

"బాగ వరుసగ తగిలినయ్."

పాపం, నర్సుల భాష అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు సారు. ఆమె గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, ఒక్కో గాయాన్ని విడిగా తుడిచింది. ఆరేళ్ల తరువాత తన తల మీద ఒక ఆడమనిషి చెయ్యి. సారుకు కళ్లలో నీళ్లు వచ్చాయి. వాపు వల్ల బయటికి రాలేదు, అదీ మంచిదే.

ఊళ్లో సారు గొప్పవాడైపోయాడు. సారు చర్చికే వచ్చే బీరమ్మ పొలానికి పోతూ పోతూ గుడ్లు ఇచ్చి పోయేది. సారు తువ్వాల చుట్టుకుని, దురదకు పళ్లు బిగబట్టి కూర్చుంటే, ఉద్యమం బాధ అనుకునేవారు. పన్నెండో రోజుకు నల్లటి పెచ్చులు రాలిపోయి, కింద పొట్టి వెంట్రుకలు నిలబడి కనిపించాయి. సారు అద్దంలో తనకు తానే నమస్కారం పెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చారు అయ్యగారు.

"ఈ ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పాలె దయానందం. లాఠీల నడుమ దేవుడు నిన్నెట్ల కాపాడిండో. కరుణమ్మ గూడ వస్తున్నది, జవాబు చెప్తనన్నది."

చాయ్ ముందు నోరు మూసుకోవచ్చు. గుడ్ల ముందు కూడా మూసుకోవచ్చు. కాని సంఘంలో లేచి దేవుడి పేరు మీద చెప్పేది సాక్ష్యం. అందులో అబద్ధం కలిపే ధైర్యం సారుకు లేదు. నిజం చెబితే కరుణమ్మ దక్కదు. పోనీ, కనీసం జుట్టైనా ఉందిలే అనుకుని శుక్రవారం దువ్వెన పెట్టాడు. దువ్వెనతో పాటు జుట్టు వచ్చేసింది. శనివారానికి నాటినవన్నీ దిండు మీద ఉన్నాయి. కాగితం మళ్లీ చదివాడు. అందులో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఆదివారం లేచి నిలబడి తువ్వాల విప్పాడు.

"నన్ను ఎవ్వరు కొట్టలే. నేనే పైసలిచ్చి పొడిపించుకున్న, జుట్టు కోసం. నిజంగ దెబ్బలు తిన్న పోరగాండ్లు ఉన్నరు. వాళ్లకు పోవాల్సిన గుడ్లు నేను తిన్న. ఆ జుట్టు గూడ నిన్ననే రాలిపోయింది. దేవుడు నన్ను దేన్నుంచి కాపాడిండో నాకైతే తెల్వదు."

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి బీరమ్మ గొంతు లేచింది.

"నాటినంక నారు వాడదా సార్? ఎర్రబడి, మల్ల పచ్చబడ్తది. గీ మాత్రానికి ఏడుస్తరా?"

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తరువాత చర్చంతా నవ్వింది. అయ్యగారు రుమాలులో ముఖం దాచుకున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర కరుణమ్మ నిలబడి ఉంది.

"కాయిదం ఉన్నదా సార్?"

ఇచ్చాడు. ఆమె దాన్ని వెనక్కి తిప్పి చూపించింది. వెనక కూడా నిండా టైపు కొట్టి ఉంది. మూడో వారంలో నాటిన వెంట్రుకలు రాలతాయి, కుదుళ్లు లోపలే ఉంటాయి, మూడు నెలలకు మళ్లీ మొలుస్తాయి, దిగులు పడవద్దు. ముందు పేజీ అడుగున, మూలకు, 'పి.టి.ఓ.' అని మూడు అక్షరాలు. ప్రశ్నపత్రం తిప్పి చూడలేదని పద్నాలుగేళ్లుగా పిల్లలకు మార్కులు కోసిన మనిషి ఆ మూడు అక్షరాలనే చూస్తూ ఉండిపోయాడు.

"మీకు ఆ రోజే తెలుసా?"

"రెండు దిక్కుల చదివిన గద. లాఠీ గంత వరుసగ కొడ్తదా సార్?"

"మరి చెప్పలేదేం?"

"మీరే చెప్తరేమోనని ఆగిన."

సారు గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారు అడిగిన మాటకు..."

"వెంట్రుకలకు మూడు నెల్లు అని రాసిండ్రు. నాకు గన్ని దినాలు అక్కర లేదు," అని ఆమె అతని భుజం మీది తువ్వాల తీసి చేతికి ఇచ్చింది. "కట్టుకోండ్రి. ఎండ తగలొద్దని గూడ వెనకనే రాసిండ్రు."