ఎర్నమ్మ నోరు తీపి

మా చెల్లెలు ఎర్నమ్మ చచ్చిపోయాక, చెప్పులు మర్చిపోయానని ఇంటికొస్తుంది.

పొద్దున్న టీ మరిగే వేళ. తలుపు తీసే ఉంది. ఆసుపత్రిలో చుట్టిన తెల్ల దుప్పటి ఎక్కడో వదిలేసి, మేం పంచదార రింగులు అమ్మే బండి దగ్గరికి కట్టుకెళ్ళే పచ్చ చీర కట్టుకుని వచ్చింది. గుమ్మంలో కాళ్ళు దులుపుకుంటుంది. అరికాళ్ళ నిండా గీతలు.

"కూకోడానికి రాలేదప్పా. సెప్పులేసుకుని ఎల్లిపోతాను. ఆ తోవంతా గవ్వపెంకులే."

మా వైపు అక్కని అప్ప అంటారు. దాని చెప్పులు బియ్యం డబ్బా వెనక ఉన్నాయి. తీసి దాని ముందు పెడతాను.

"నోరెలాగుందే?" అని అడుగుతాను.

"సేదే," అంటుంది.

ఆసుపత్రిలో కూడా ఇదే మాట. మందులకి నోరంతా కాకరకాయ అయిపోయిందనీ, ఏదైనా తీపి పెట్టమనీ అడిగింది. ఇంటికి వెళ్ళగానే వేడి రింగులు చేసి పెడతానన్నాను. అప్పుడు ఇంటికి రాలేదు. ఇప్పుడు వచ్చింది, వంగి చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. నా చెల్లెల్ని చేదు నోటితో పంపను.

ఎర్నమ్మ వీధి గుమ్మం వైపు ఒక అడుగు వేస్తుంది. గుమ్మం ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. మా వీధి గదికి మర్యాద తెలుసు. ఇంట్లో మనిషి వెళ్ళిపోతుంటే తనకి చేతనైనంత పొడుగవుతుంది. గోడ మీది ఫొటో, కేలండరు, గొడుగు వేలాడే మేకు, అన్నీ ఒకదానికొకటి ఎడంగా జరుగుతాయి. గడియారం సాగిపోయి, ఒక కొసన పొద్దున్నా ఇంకో కొసన మధ్యాహ్నమూ చూపిస్తుంది.

నేను వంటింట్లోకి పరిగెడతాను. అక్కడ గున్నయ్య మావ పీట మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. వరసకి మావ కాదు, పక్కింటి ముసలాయన. ఓడల్లోంచి దిగిన డబ్బా సరుకు హార్బరు గేటు దగ్గర అమ్ముతాడు. బిస్కెట్ పిండి డబ్బాలు మాకిచ్చేది ఆయనే.

ఆ పిండి కలపక్కర్లేదు, నానబెట్టక్కర్లేదు. డబ్బాని గట్టు అంచుకి కొడితే ఫట్‌మని చీలి, మెత్తటి పిండి బిళ్ళలు బిళ్ళలుగా ఉబికి వస్తుంది. బిళ్ళ నడుమ సోడాసీసా మూతతో చిల్లు పొడిచి, కాగిన నూనెలో వేసి, ఎర్రబడగానే తీసి, పంచదారా దాల్చినచెక్క పొడీ కలిపిన సంచిలో పడేసి కుదిపితే అయిపోయింది. వేడి మీదే కుదపాలి. చల్లారితే పంచదార అంటదు. నేను వేయించేదాన్ని, ఎర్నమ్మ సంచి కుదిపేది. మనిషి చెప్పులు తొడుక్కునేలోపు రింగులు చేతిలో పెడతామని గేటు దగ్గర గొప్పలు చెప్పుకునేవాళ్ళం.

"మావా, ఒక డబ్బా ఇయ్యి. బేగి!"

"ఎవులొచ్చినారే?"

"ఎర్నమ్మ."

"ఓహో," అని ఆయన సంచీలోంచి డబ్బా తీస్తాడు. "సెప్పుల కోసమా?"

డబ్బాని గట్టుకి కొడతాను. ముందు ఒక నిట్టూర్పు బయటికొస్తుంది. ఓడలో చాలాకాలం మూతపడి ఉన్న నిట్టూర్పు అది. కిటికీ ఎటుందో చూసుకుని అటు వెళ్ళిపోతుంది. తర్వాత పిండి వస్తుంది.

చిల్లులు పొడిచి మూకుడు పెడతాను. అయితే వంటిల్లు కూడా సాగుతోంది. మంట మూకుడు కిందనుంచి జరిగి జరిగి, ఎక్కడో గోడ మూల మినుకుమంటోంది. నూనె కాగదు.

"దాని జడ కొస ఇంకా అవుపడతంది," అంటాడు గున్నయ్య మావ, తలుపులోంచి తొంగి చూసి.

"ఆగమని సెప్పు మావా."

"ఎనకనుంచి పిలవమంటావేటి? బుద్ధుందా నీకు?"

ఆయన అన్నదీ నిజమే. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ మనిషి తిరిగొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నుంచి బయల్దేరాలి.

"అయితే తిరిగొచ్చి కూకుంటాది గదా?"

"కూకోవాల మరి."

"నీల్లు తాగేలోపు నూనె కాగిపోద్ది."

"ఎల్లిన పని సెడిపోద్దే!"

"సచ్చిపోయినదానికి పనేటుంటాది మావా?"

ఆయన టీ గ్లాసులోకి చూసుకుంటాడు. "నాకెలా తెలస్తాది? నానింకా ఎల్లలేదు గదా."

"ఎర్నమ్మా!" అని నేను అరుస్తాను.

ఎర్నమ్మ వెనక్కి తిరుగుతుంది. వచ్చి పీట మీద కూర్చుని గ్లాసుడు నీళ్ళు తాగుతుంది. ఎంత బాగుందో చెప్పలేను. దాని మోకాలు నా మోకాలికి తగులుతోంది. తను నీళ్ళు మింగుతుంటే గొంతు కదలడం చూస్తూ నేను నూనె సంగతే మర్చిపోతాను.

"ఈ తాతెవులప్పా?" అంటుంది, గున్నయ్య మావని చూసి.

"నానే! నిన్ను బుజాలెక్కించుకుని ఓడలు సూపించినోడిని!"

"ఓడలు తెలుసు," అంటుంది ఎర్నమ్మ. "తాత తెలీదు." గ్లాసు బోర్లించి లేస్తుంది.

మంట ఇంకా మూలనే ఉంది. ఎర్నమ్మ గుమ్మం వైపు కొంత దూరం నడిచాక మళ్ళీ పిలుస్తాను. ఈసారి నూనె కోసం కాదు.

వస్తుంది. కూర్చుంటుంది. నీళ్ళు తాగుతుంది. కొంగుతో మూతి తుడుచుకుంటూ, "మనకి అమ్మనేది ఉండేదా అప్పా?" అని అడుగుతుంది.

"ఉండేదే."

"ఎలాగుండేది?"

"నీలాగే ఉండేది."

"నానెలాగుంటాను?" అంటుంది. జవాబు కోసం ఆగకుండా లేచి వెళ్ళిపోతుంది.

మూడోసారి పిలవకూడదని నాకు తెలుసు. నోరు నాకంటే ముందు పిలిచేస్తుంది.

ఈసారి పీట మీద కూర్చోదు. గుమ్మం అవతలే నిలబడి నీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతులతో తిరిగి ఇస్తుంది. "సల్లగున్నాయండి. మీకు పున్నెం ఉంటాది. ఎవులిల్లండిది?"

"మాదేనండి," అంటాను.

అది వెళ్ళాక, వెనక్కి తిరిగిన చోటుకి వెళ్ళి చూస్తాను. గచ్చు మీద చిటికెనవేలంత ఆడపిల్ల నిలబడి ఉంది. చంకలో చంటిపిల్ల. ఆ ఆడపిల్లని నేనే, చంటిది ఎర్నమ్మ. ఇద్దరికీ ఒకటే దుప్పటి కప్పి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉన్నారు. కొంగున ముడి వేసుకుంటాను.

"ఇంకోపాలి పిలిస్తే?" అంటాను.

"పిలు," అంటాడు గున్నయ్య మావ. "ఎనక్కి తిరిగినపుడల్లా ఒక గేపకం పడీసుకుంది. ఇంక దానికాడ తోవొకటే మిగిలుంది. అదీ పడీసుకుంటాది. అప్పుడు ఇటూ రాదు, అటూ పోదు. గది నడుమ నిలబడిపోద్ది, గుంజలాగ. సూసుకుంటావా?"

నాకు చూసుకోవాలనే ఉంది. దానికి దుమ్ము తుడవాలనీ, పండక్కి పసుపు రాయాలనీ ఉంది. ఆ మాట పైకి అనను.

"అయితే ముందుకెల్లి ఎదురొస్తాను మావా."

"మొగుడు పోయినదానివి. నివ్వు ఎదురొస్తే..." మిగతా మాటని ఆయన టీతో మింగేస్తాడు.

కోపం రాదు నాకు. ఎవరు బయల్దేరుతున్నా నేను తలుపు చాటుకి తప్పుకోవడం మా వీధిలో ఎంత అలవాటంటే, ఆ తలుపు నాకోసం తనే సగం తిరుగుతుంది.

"ఎనక్కాదు, ముందుక్కాదు. మరి పక్కనుంచి?"

గున్నయ్య మావ పక్క గోడని తడిమి చూస్తాడు. "పక్క గురించి ఎవులూ ఏటీ సెప్పలేదే. పక్కన గోడుంటాది గదా, మర్సిపోనారు."

దారి పక్కన గోడకి ఆనుకుని ఉండేది అమ్ముకునేవాళ్ళే. ఆ పని నాకు వచ్చు.

అప్పటికే మా వీధి గదిలో సిటీ బస్సు వేశారు. కిరసనాయిలు స్టవ్వు, మూకుడు, ఇంకో డబ్బా, పంచదార సంచీ పట్టుకుని ఎక్కబోతే కండక్టరు చెయ్యి అడ్డం పెడతాడు.

"స్టవ్వు ఎక్కించకూడదమ్మా."

"ఎలిగించలేదు బాబూ."

"ఎలిగిస్తావా?"

"దిగినాక."

"అయితే దిగినాకే స్టవ్వు. ఇపుడు ఇనుమే గదా. ఎక్కు, ఎక్కు, ఎనక్కి జరగండి!"

బస్సు కేలండరు పక్కనుంచి పోతుంది. ఒక్కో తేదీ ఒక్కో మేడంత ఉంది. కిటికీలోంచి ఎర్నమ్మ కనిపిస్తుంది. చెయ్యి ఊపుకుంటూ, తోవ అంచున, బండి మూసేసి ఇంటికొచ్చే నడకే. నేను సంచీలో తల దూర్చుకుని దాన్ని దాటతాను.

చివరి గుమ్మం దగ్గర దిగి, గోడవారగా స్టవ్వు పెడతాను. గుమ్మం అవతల సముద్రం లేదు, ఇసకా లేదు. గవ్వపెంకుల తోవ ఒకటే తెల్లగా పోతోంది. గదికి ఇక్కడ సాగడానికి ఇంకేం మిగల్లేదు. అందుకని మంట మూకుడు కింద కుదురుగా నిలబడుతుంది. నూనె కాగుతుంది. డబ్బాని గడపకి కొడతాను. చిల్లు పొడిచిన రింగులు మునిగి, పైకి తేలి, ఉబ్బి, ఎర్రబడతాయి.

సంచి కుదపడానికి రెండో మనిషి లేదు. ఒక చేత గరిటె, ఒక చేత సంచి. ఒంటిచేత్తో కుదిపితే పంచదార ఎగురుతుంది గానీ దాల్చినచెక్క పొడి అడుగునే ఉండిపోతుంది. ఏం చేస్తాను, అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

"రింగులు! ఏడేడి రింగులు!" అని కేక వేస్తాను. ఎవరి పేరూ పెట్టి కాదు. గోడ పక్కనుంచి, అందరికీ.

ఎర్నమ్మ ఆగుతుంది.

"ఏటండియి?"

"పంచదార రింగులండి. తోవలో తినడానికి. నోరు బాగుంటాది."

"నా నోరు సేదండి. సాన్నాళ్ళయి."

"అందుకేనండి."

కాగితంలో పెట్టి ఇస్తాను. వేళ్ళు మార్చుకుంటూ ఊదుతుంది. కొరుకుతుంది. కింది పెదవికి పంచదార అంటుకుంటుంది. కళ్ళు మూసుకుని, నిలబడే, మొత్తం తింటుంది. రెండోది తనే అడుగుతుంది. నేను గరిటె కాడ పట్టుకుని చూస్తాను. కొంగు ముడిలో చిన్న కదలిక.

"మా అప్ప సేస్తాదండి ఇలాటియి," అంటుంది ఎర్నమ్మ. "దానికి సెయ్యి ఎక్కువ. దాల్చినసెక్క గుమ్మరించీస్తాది, గొంతు మండిపోద్ది. ఎన్నిపాల్లు సెప్పినా ఇనదు, ముండ. మీది సరిగ్గుంది."

"అయినోల్లకని ఏసుంటాదండి."

"అదేనండి దాని రోగం." నవ్వుతుంది. "తెలుసేటి మీకు మా అప్ప?"

"గేటుకాడ సూసినానండి."

"అవుపడితే సెప్పండి, సేదు పోనాదని. ఊరికే బెంగెట్టుకుంటాది, ఎర్రిది."

"సెప్తానండి."

కాగితం మడిచి నా చేతిలో పెట్టి, మూడో రింగు కొరుక్కుంటూ గుమ్మం దాటుతుంది. గవ్వపెంకుల మీద దాని చెప్పులు కరకరమంటాయి. నోరు మళ్ళీ పిలవకుండా నేను సంచి అంచు పళ్ళతో గట్టిగా పట్టుకుంటాను. ఎంత గట్టిగానంటే గుడ్డ తెగి, పంచదార నా ఒళ్ళో ఒలుకుతుంది.

దాని చెప్పుల చప్పుడు ఆగిపోయాక చీమలు వస్తాయి. తలా ఒక పలుకు ఎత్తుకుంటాయి. పలుకులు అయిపోయినా వెళ్ళవు. వరసలు కట్టి గోడల కిందకీ, గచ్చు కిందకీ దూరతాయి. గది మెల్లగా పైకి లేస్తుంది. నేనూ, స్టవ్వూ, బస్సూ, ఆ చివర టీ ఊదుకుంటున్న గున్నయ్య మావా, అందరం గడప ఎత్తున గాలిలో ఉంటాం. మూకుడులో నూనె తొణకదు. చీమలు మమ్మల్ని మోసుకుంటూ ఎర్నమ్మ వెళ్ళిన పెంకుల తోవ మీదకి దిగుతాయి.

పాపం వాటికి బరువు. చెవి దుద్దులు తీసి తోవ పక్కన పెడతాను. తర్వాత జడ, తర్వాత ఎడమ చెయ్యి. కుడి చేత్తో, నాకంటే ముందు పిలిచేసే నా నోరు తీసి, కాగితంలో చుట్టి తోవ మీద దించుతాను.

చీమలు కొంచెం వేగం అందుకుంటాయి.